విగ్గులు, టోరీలు, మా మాస్టారు

మాస్టారు పోయారని ఫోన్ చేసినావిడ, నేను ఏడుస్తాననుకుందేమో, చెప్పి కాసేపు ఆగింది. నేను ఏడవలేదు. "సంతాప సభ ఎప్పుడు?" అని అడిగి పెట్టేశాను. తర్వాత గిన్నెలు తోముతుంటే తెలిసింది, ఒక్కో గిన్నెనీ గోడకేసి కొట్టేంత కోపంగా తోముతున్నానని. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. అలా అనేవాళ్ళకి మా మాస్టారు తెలియదు.

ఆయన పేరు రాయను. ఫిల్మ్ నగర్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళూ లేరు. అందరికీ మాస్టారే. గుంటూరు వైపు ఏదో కాలేజీలో చరిత్ర చెప్పేవారట. ఇంటికో ఇంజనీరు తయారవుతున్న రోజులు అవి. అమీర్‌పేటలో గోడ కనిపిస్తే చాలు, కంప్యూటర్ కోర్సు పోస్టరు అంటించేవాళ్ళు. బి.ఏ.లో చేరేవాళ్ళు లేక ఆ కాలేజీవాళ్ళు సెక్షన్ ఎత్తేసి, ఆయన క్లాసు గదిలో కంప్యూటర్లు పెట్టి, పొద్దున్నే తాళం తీసే పని ఆయనకే అప్పజెప్పారు. తాళంచెవి ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టి హైదరాబాదు బస్సెక్కేశారు. ఆయన గురించి ఇంతకు మించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయన చెప్పే చరిత్ర వేరే ఉండేది, అది బ్రిటిష్ పార్లమెంటులో పార్టీలు ఎలా పుట్టాయి, ఎలా చీలాయి, చీలినవాళ్ళు ఎక్కడ కూర్చున్నారు అన్నది. ఆ మనిషి ఇంగ్లండు చూడలేదు. పాస్‌పోర్టు కూడా లేదు.

నేను ఆయన్ని మొదట చూసింది ఒక సిట్టింగులో. సిట్టింగు అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. జూబ్లీహిల్స్‌లో ఎవరో నిర్మాత గెస్ట్‌హౌస్ తీసుకుంటాడు. దర్శకుడి చుట్టూ ఓ అరడజను మంది చేరతారు. దర్శకుడి మొహం చూసి కథ మారుస్తూ ఉంటారు. అంతే సిట్టింగు. ఆ రోజు ఇంటర్వెల్ సీను గురించి వాదన జరుగుతోంది. మాస్టారు కాసేపు ఒక పక్షం వాదించి, ఎదుటివాళ్ళు చెప్పింది విని, "మీరన్నదే సబబు" అని కుర్చీలోంచి లేచారు. టీపాయ్ చుట్టూ తిరిగి, కప్పూ సాసరూ కూడా పట్టుకెళ్ళి, ఎదుటి సోఫాలో వాళ్ళ పక్కన కూర్చున్నారు. కూర్చున్నాకే మళ్ళీ మాట్లాడారు.

"మాస్టారు పార్టీ మార్చేశారండోయ్!" అని దర్శకుడు పగలబడి నవ్వాడు.

"మారితే లేచి మారాలండీ. అక్కడ పార్లమెంటులో అంతే. అభిప్రాయం మారిందంటే అందరూ చూస్తుండగా సభ మధ్యలోంచి నడిచి ఎదుటి బెంచీల మీదకి వెళ్ళాలి. కూర్చున్న చోటే మారేవాణ్ణి ఏమంటారో నేను చెప్పను, ఆడపిల్ల ఉంది" అన్నారు మాస్టారు.

ఆడపిల్లంటే నేను. మూల కూర్చుని అందరి మాటలూ కాగితం మీద పెట్టేదాన్ని. తర్వాత లెక్కలేనన్ని సిట్టింగుల్లో ఆయన అలా లేచి అటూ ఇటూ మారడం చూశాను. నవ్వినవాళ్ళంతా కూర్చున్న చోటే రంగులు మార్చి పైకొచ్చారు. వాళ్ళ కార్లు ఇప్పటికీ జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర నాకు అడ్డంగా వస్తాయి.

మనుషుల్ని కూడా ఆయన ఆ లెక్కలోనే చూసేవారు. శ్రీనగర్ కాలనీ టీ కొట్టు దగ్గర నిలబడి, వచ్చీపోయే సినిమా జనాన్ని చూపిస్తూ, "ఆయన పాత టోరీ అమ్మా, తాతల నాటి బాణీ కదిలితే ఒప్పుకోడు. ఈయన విగ్గు, స్వేచ్ఛ అంటాడు గాని అది పెద్దింటి వాళ్ళకి మాత్రమే" అనేవారు. విగ్గులంటే మేకప్ సామాను అనుకున్నాను నేను మొదట్లో. ఆ మాట చెబితే ఆయన కోప్పడలేదు. ఓపిగ్గా చెప్పారు. రాజుగారి తమ్ముడు వేరే మతంవాడు, అతనికి గద్దె ఇవ్వొచ్చా కూడదా అని మూడు వందల ఏళ్ళ కిందట గొడవొచ్చిందట. వద్దన్నవాళ్ళని ఎదుటివాళ్ళు స్కాట్లండు మొరటు తిరుగుబాటుదారుల పేరుతో తిట్టారు, అదే విగ్గు. ఇవ్వాలన్నవాళ్ళని వీళ్ళు ఐర్లండు దారిదోపిడీ దొంగల పేరుతో తిట్టారు, అదే టోరీ. "తిట్లే పేర్లై కూర్చున్నాయమ్మా. సిగ్గుపడలేదు, బోర్డుకి ఎక్కించుకున్నారు. మన ఘోస్టులు కూడా ఆ పని చెయ్యాలి" అనేవారు.

ఘోస్టులం మేము. పెద్ద రచయితలకి మాటలు రాసిపెట్టేవాళ్ళం. తెర మీద పేరు వాళ్ళది. వాళ్ళు మమ్మల్ని "మన పిల్లలు" అనేవాళ్ళు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మా నాన్న మోతీనగర్లో కిరాణా కొట్టు పెట్టుకుని నన్ను పెంచాడు. నేను వాళ్ళెవరి పిల్లనూ కాదు.

మాస్టారికి ప్రాణమైన కథ ఒకటుంది. పైదేశాల నుంచి వచ్చే తిండిగింజల మీద సుంకం ఎత్తేసి పేదవాడికి రొట్టె చవగ్గా దొరికేలా చెయ్యాలని, ఒక టోరీ నాయకుడు సొంత పార్టీనే చీల్చుకున్నాడు. పార్టీ అంతా భూస్వాములే. ఆ సుంకం వల్ల బాగుపడేదీ వాళ్ళే. ఎదుటి పార్టీ ఓట్లతో చట్టం నెగ్గించాడు. అది నెగ్గిన రోజే సొంతవాళ్ళు శత్రువులతో చేతులు కలిపి ఇంకో ఓటింగులో అతన్ని దించేశారు. అతని వెంట నడిచినవాళ్ళు కొన్నేళ్ళు అటూ కాక ఇటూ కాక మధ్యలో ఉండిపోయారు. చివరికి విగ్గులతో కలిస్తే లిబరల్ పార్టీ తయారైంది. ఈ కథని ఆయన ఒక సిట్టింగులో, ఊరూ పేర్లూ మార్చి, కళ్ళు చెమర్చేలా చెప్పారు. అప్పుడు సీమ పగల సినిమాలు జోరుగా ఆడుతున్నాయి. దర్శకుడు అంతా విని, "ఎమోషన్ అదిరింది మాస్టారూ. కాని బళ్ళు ఎక్కడ గాల్లోకి లేస్తాయి?" అన్నాడు.

"లేవవండీ. అందరూ నడిచే వెళ్తారు. కుడి గుమ్మంలోంచి కొందరు, ఎడమ గుమ్మంలోంచి కొందరు. ఓటంటే అక్కడ నడకే" అన్నారు ఆయన, చాలా సీరియస్‌గా.

ఆయనకి ఆదాయం ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. నా గొడవ అది కాదు. నా గొడవ సంఘం గురించి.

అప్పట్లో మాటల రచయితలకి ఫిల్మ్ నగర్లో ఒక చిన్న సంఘం ఉండేది. ఇప్పుడు లేదు. మేడ మీద ఒక హాలు, కింద జిరాక్స్ షాపు. ఆ సంఘం కార్డు ఉన్నవాళ్ళకే తెర మీద పేరు వేస్తారు. తెర మీద పేరు ఉన్నవాళ్ళకే కార్డు ఇస్తారు. ఈ గానుగలో మేం ఎన్నేళ్ళుగా తిరుగుతున్నామో. ఎప్పుడో ఒక సినిమాకి పేరు పడి కార్డొచ్చి, కమిటీలో కూడా ఉన్న మాస్టారే, ఆ చక్రం తెగ్గొట్టాలని తీర్మానం రాశారు. ఘోస్టుగా పనిచేసినవాళ్ళ కోసం ఒక్క సభ్యుడు సాక్ష్యం చెబితే చాలు, కార్డు ఇవ్వాలని. నాకైతే అదే ప్రాణం. ఒక కొత్త నిర్మాత నా రాత నచ్చి, "కార్డు తెచ్చుకో, మాటలు అని నీ పేరే వేస్తాను" అన్నాడు. తెలంగాణ యాసలో హీరోయిన్ మాట్లాడే సినిమా. జోకర్లకీ రౌడీలకీ తప్ప మా యాస పెట్టని రోజుల్లో, హీరోయిన్‌కి! ఆ సినిమా నేను తప్ప ఎవరు రాస్తారు?

కమిటీలో రెండు వర్గాలు. మా తీర్మానానికి ఒక్క చెయ్యి ఎక్కువుంది. ఓట్లు సమానమైతే అధ్యక్షుడి మాటే నెగ్గుతుంది, ఆయన పెద్దల వర్గం. అంటే మా బతుకు మాస్టారి చేతిలో ఉంది, ఉత్త మాటకి కాదు, నిజంగానే ఆయన ఎత్తే చేతిలో ఉంది.

మీటింగు ముందురోజు సాయంత్రం టీ కొట్టు దగ్గర ఆయన మొహం వెలిగిపోతోంది.

"అమ్మాయ్, ఇవాళ జూబ్లీహిల్స్‌లో మొట్టమొదటి పెయిరింగ్ జరిగింది!"

"ఏంది సార్ అది?"

పెద్దల వర్గంలో పంచె కట్టుకునే సీనియర్ రచయిత ఒకడుండేవాడు. అతను మాస్టారి దగ్గరికి వచ్చి, తల్లికి బాగా లేదు, ఆస్పత్రిలో ఉంది, రేపు మీటింగుకి రాలేను, నా ఓటు పోతుంది, మావాళ్ళు నన్ను ద్రోహి అంటారు అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. మాస్టారు వెంటనే, "మీరు అమ్మగారి దగ్గర ఉండండి. నేను కూడా ఓటెయ్యను" అన్నారట. పార్లమెంటులో అలా ఉంటుందట. ఒక పార్టీవాడికి రాలేని ఇబ్బంది వస్తే ఎదుటి పార్టీవాడు ఒకడు అతనితో జత కట్టి తనూ ఓటు మానుకుంటాడు. లెక్క లెక్కగానే ఉంటుంది.

"మనకేం నష్టం లేదమ్మా. అటొకటి, ఇటొకటి పోతుంది. ఒక్క చెయ్యి తేడా అలాగే ఉంటుంది."

"రాయించుకున్నరా సార్?"

"రాయిస్తే అది పెయిరింగ్ ఎలా అవుతుంది? అది మనిషికీ మనిషికీ మధ్య మాట. వందల ఏళ్ళుగా తిట్టుకున్నవాళ్ళు, ఒకళ్ళ ప్రభుత్వాలు ఒకళ్ళు కూల్చుకున్నవాళ్ళు కూడా ఈ ఒక్కటీ నిలబెట్టుకోవాలనుకునేవాళ్ళు. అక్కడా తప్పినవాళ్ళు లేకపోలేదు. కాని తప్పితే తలెత్తుకోలేరు."

"గాడ తలెత్తుకోలేరేమో సార్. గీడ కాలర్ ఎగరేస్కుంట తిరుగుతరు" అన్నాను. ఆయన నవ్వి, నాకు ఇంకో టీ చెప్పారు. కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా ఉన్నారు. ఆ సంతోషం చూసి నేను నోరు మూసుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం మీటింగు. ఘోస్టులందరం జిరాక్స్ షాపు ముందు నిలబడ్డాం. మాస్టారు మాట ప్రకారం పైకి వెళ్ళలేదు. రోడ్డుకి అవతల, కొబ్బరిబోండాల బండి పక్కన నిలబడ్డారు. పైన ఉపన్యాసాలు వినిపిస్తున్నాయి. ఇంకాసేపట్లో చేతులెత్తుతారనగా, ఒక కారు వచ్చి ఆగింది. పంచెకట్టు మనిషి దిగాడు. రోడ్డు అవతల మాస్టారిని చూశాడు కూడా. చూసి, పంచె అంచు పైకి పట్టుకుని, గబగబా మెట్లెక్కాడు.

నేను రోడ్డు ఎలా దాటానో తెలియదు.

"సార్, గాయన లోపలికి పోయిండు! చూసిండ్రు గదా! మీరు గూడ పోండ్రి, ఇంకా టైముంది!"

ఆయన కదల్లేదు. చెయ్యి పట్టుకుని లాగాను. అంత పెద్దాయన చెయ్యి అలా లాగకూడదని కూడా నాకు తోచలేదు.

"నేను మాటిచ్చానమ్మా."

"గాయన తప్పిండు గదా సార్!"

"ఆయన తప్పింది ఆయన మాట. నా మాట నేను తప్పలేదు."

"మీ మాట మంచిగనే ఉంటది సార్. మా అన్నం పోతది! జర పోండ్రి సార్, దండం పెడ్త!"

నిజంగానే దండం పెట్టాను, నడిరోడ్డు మీద. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాళ్ళు మాత్రం కదల్లేదు. సోఫా మారడానికి కప్పుతో సహా లేచి వెళ్ళే మనిషి, ఆ రోజు ఆ రోడ్డు దాటలేదు. ఆ క్షణంలో ఆయన్ని తిట్టిన తిట్లు విగ్గులకీ టోరీలకీ కూడా తెలియవు.

పైన ఓట్లు సమానమయ్యాయి. అధ్యక్షుడు తీర్మానం వీగిపోయిందన్నాడు. పెద్దలు నవ్వుకుంటూ దిగారు. మావాళ్ళు మాస్టారిని చుట్టుముట్టి, "ఎంతకి అమ్ముడుపోయినవ్?" అని అడిగారు. ఒకడు చొక్కా పట్టుకున్నాడు. నేను నిజం చెప్పబోతుంటే ఆయన నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. జనం పలచబడ్డాక, "ఎవరితో జత కట్టానో నువ్వు ఎవరికీ చెప్పకు. ఒట్టెయ్యి" అన్నారు.

"ఎందుకు సార్? గా దొంగను ఎందుకు కాపాడుతున్నరు?"

"అతన్ని కాదమ్మా. చెబితే రేపు ఇంకెవరూ ఎవరితోనూ ఇలాంటి మాట కట్టరు. పద్ధతి పోతుంది."

ఆ పద్ధతి ఫిల్మ్ నగర్లో ఒక్క పూట బతికింది. దాన్ని కాపాడాలట! ఏడుస్తూనే ఒట్టేశాను. ఎందుకేశానో అడగొద్దు. ఆయన అడిగితే కాదనలేకపోయాను, అంతే.

కొత్త నిర్మాత ఆ సినిమాకి ఎవరో పెద్ద రచయితని పెట్టాడు. హీరోయిన్ యాస పోయి, పక్కింటి పనిమనిషికి చేరింది. నేను మాదాపూర్‌లో ఒక కంపెనీలో చేరాను. వెబ్‌సైట్లకి మాటలు రాసే పని. అక్కడా పేరు ఉండదు, కాని జీతం ఒకటో తారీకు వస్తుంది. సంఘం రెండుగా చీలి, రెండూ ఎండిపోయాయి. మాస్టారికి సిట్టింగులు ఆగిపోయాయి. "ఆయనా? ఆ రోజు అమ్ముడుపోయాడు కదా" అని చెప్పుకోవడానికి ఒక మాట దొరికింది జనానికి. దొరికితే వదులుతారా?

చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి శ్రీనగర్ కాలనీ బస్టాపులో కనిపించారు. ఇంగ్లండులో ఎవరికీ మెజారిటీ రాక, రెండు పార్టీలు కలిసి ప్రభుత్వం పెట్టిన కాలం అది. నన్ను చూడగానే, ఎలా ఉన్నావని కూడా అనకుండా, "చూశావా అమ్మాయ్, టోరీల వారసులూ లిబరల్ వారసులూ ఒకే బెంచీ మీద! ఇప్పుడు మధ్యలో కూర్చునేవాళ్ళు ఎవరు?" అని మొదలుపెట్టారు. మనిషి సగమైపోయారు, చొక్కా భుజాల మీద నిలవడం లేదు, ఆ ఉత్సాహం మాత్రం అలాగే ఉంది. నాకు మండిపోయింది.

"సార్, నా కార్డు సంగతి జెప్పుండ్రి ముందు."

ఆయన ఇంగ్లండు సంగతి అక్కడే వదిలేశారు. ఇలా అన్నారు: "మీ అందరికీ నేను అన్యాయం చేశానమ్మా. అది నిజం. నేను మాట తప్పి ఉండాల్సిందా అంటే, ఇప్పటికీ కాదనే అంటాను. అదీ నిజం. రెంటినీ కలిపి ఒక్కటి చెయ్యడం నాకు చేతకాలేదు."

ఆయన తప్పించుకుంటే కొట్లాడేదాన్ని. క్షమించమంటే క్షమించేదాన్నేమో. రెండూ చెయ్యకుండా నా ఎదురుగా నిలబడ్డారు. బస్సు వచ్చింది, ఎక్కేశాను. ఆ తర్వాత ఆయన్ని చూడలేదు.

సంతాప సభ ఫిల్మ్ నగర్లోనే, ఒక ప్రివ్యూ థియేటర్లో పెట్టారు. బతికున్నప్పుడు టీ ఇప్పించనివాళ్ళంతా తెల్లబట్టలు వేసుకుని వచ్చారు. వేదిక మీద పంచెకట్టు పెద్దమనిషి కూడా ఉన్నాడు. ముసలివాడైపోయాడు. ఇద్దరు పట్టుకుంటే గాని లేవలేకపోయాడు. మైకు పట్టుకుని, "మాట మీద నిలబడే మనిషి! ప్రాణం పోయినా మాట తప్పని మనిషి! అలాంటివాళ్ళు ఇప్పుడు లేరు!" అన్నాడు.

ఆ హాల్లో ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే, అతనూ నేనూ. నా వెనక వరుసలో ఎవరో, "ఈయనేంటి, మాట మీద నిలబడ్డాడంటాడు? అప్పుడు అమ్ముడుపోయింది ఆ మాస్టారే కాదూ?" అని గుసగుసలాడి నవ్వారు.

నేను లేచాను. ఎవరూ పిలవలేదు. నడిచి వెళ్ళి మైకు తీసుకున్నాను. ఎవరో, "అమ్మా, మీరెవరండీ?" అంటున్నారు.

"నేను ఘోస్టును. ఇన్నేళ్ళు మాస్టారు అమ్ముడుపోయిండని అన్నరు మీరు. ఆ దినం ఆయన ఓటెందుకు ఎయ్యలేదో చెప్తా, ఇనుండ్రి" అని మొత్తం చెప్పాను. తల్లి ఆస్పత్రి, కళ్ళనీళ్ళు, మాట, కారు, మెట్లు. "ఆయన జత కట్టింది గీయనతోని" అని పంచెకట్టు మనిషి వైపు వేలు చూపించాను.

అతనికి చెవులు సరిగ్గా వినపడవు. పక్కవాడు చెవిలో చెబుతుంటే విన్నాడు. విని, చెవిటివాళ్ళు మాట్లాడినట్టే పెద్దగా, అందరికీ వినపడేలా, నన్ను అడిగాడు:

"ఎవరికీ చెప్పనన్నాడే! నీకు చెప్పాడా?"

"నాకొక్కదానికే చెప్పిండు" అన్నాను. "నన్ను గూడ ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు. గా ఒట్టు నేను తప్పిన."